షెఫీల్డ్ నుంచి బస్సులో వెళ్లి పెద్దవాళ్లతో నడవదగిన దారి ఏది?

ఆగస్టులో మా అమ్మా నాన్నా గుంటూరు నుంచి ఇంగ్లండ్‌లో షెఫీల్డ్‌లోని మా ఇంటికి వస్తున్నారు. మాకు కారు లేదు కాబట్టి, ఆ నెలలో హెదర్ పూలతో ఊదారంగుకు తిరిగే పీక్ డిస్ట్రిక్ట్ జాతీయ పార్కు బీడు భూములను బస్సులోనే తీసుకెళ్లి చూపించాలనుకుంటున్నాను.

272 నంబరు బస్సులో వెళ్లి ఫాక్స్ హౌస్ దగ్గర దిగి, లాంగ్‌షా మీదుగా పాడ్లీ గార్జ్ అనే ఇరుకు లోయలోని ఓక్ అడవిలో వాగు వెంబడి గ్రిండిల్‌ఫర్డ్ స్టేషను దాకా నడిచి, రైలులో తిరిగి రావడం ఒక ఆలోచన. దారి చాలావరకు దిగుడే అయినా, చెట్ల వేళ్లూ తడి రాళ్లూ ఉన్నచోట 68 ఏళ్ల నాన్నగారి మోకాళ్లు ఓర్చుకుంటాయా అన్నదే నా సందేహం (తిరుమల మెట్లెక్కినవాణ్ణి, ఇదెంత అని ఆయన అంటారనుకోండి). ఫాక్స్ హౌస్ నుంచే బర్బేజ్ బీడు మీదుగా 434 మీటర్ల హిగర్ టార్ అనే రాతిగుట్ట ఎక్కి, హాథర్‌సేజ్ ఊళ్లోకి దిగి అదే బస్సు అందుకోవడం రెండోది. కాని ఆ బీడులో గాలీ వానా వస్తే తలదాచుకోవడానికి చెట్టు నీడ కూడా దొరకదు.

పాడ్లీలో వాగుకు దూరంగా, అడవి పైఅంచున కాస్త చదునైన బాట ఏదైనా ఉందా? వాన పడిన మర్నాడు బర్బేజ్ దారుల్లో బురద ఎంతవరకు ఉంటుంది? పెద్దవాళ్లతో ఈ దారుల్లో నడిచినవారు దయచేసి తెలియజేయగలరు.