కూరగాయలు తరగడానికి మంచి కత్తి కొనాలా, చాపర్ కొనాలా?

ప్రశ్న: నమస్తే అండీ. ఇంట్లో నలుగురం. రోజూ కూరగాయలు తరగడానికే బోలెడంత టైం పోతోంది. ఉన్న కత్తి టమాటా మీద జారిపోతోంది, ఉల్లిపాయ కోస్తే కళ్లు మండిపోతున్నాయి. తాడు లాగే చాపర్ కొనాలా, పైనుంచి నొక్కితే ముక్కలు పడే డైసర్ కొనాలా, లేక ఖరీదైన కత్తే తీసుకోవాలా? వాడినవాళ్లు చెప్పగలరా?

జవాబు: మీరు చెప్పిన రెండు ఇబ్బందులకూ కారణం కత్తికి పదును లేకపోవడమేనండీ. కొత్తది ఏదీ కొనకముందు ఉన్న కత్తికి సాన పెట్టించి కొన్నాళ్లు వాడి చూడండి. మొండి కత్తి టమాటా తొక్క మీద జారుతుంది, మనం ఇంకాస్త గట్టిగా నొక్కుతాం, వేలు తెగేది అప్పుడే. ఉల్లి సంగతీ అంతే. ఉల్లిపాయ కణాలు చితికినప్పుడు వాటిలోని ఎంజైమ్ గంధక పదార్థాల మీద పనిచేసి, కళ్లు మండించే వాయువును పుట్టిస్తుంది. పదునైన కత్తి కణాలను తక్కువగా చితుపుతుంది కాబట్టి మంట బాగా తగ్గుతుంది. పూర్తిగా పోదు.

ఇక చాపర్. అందులో బ్లేడు గిర్రున తిరుగుతూ అడ్డం వచ్చినదాన్నల్లా కొడుతుంది. ఎక్కువసార్లు లాగితే అడుగున ఉల్లి ముద్దయిపోతుంది, పైన పెద్ద ముక్కలు అలాగే ఉంటాయి. గిన్నె సగానికి మించి నింపకుండా, ముందే సమానమైన ముక్కలుగా కోసి వేసి, రెండు మూడుసార్లు చిన్నగా లాగి, మూత తీసి అంచులకు అంటుకున్నవి కిందికి తోసి మళ్లీ లాగితే కాస్త మెరుగ్గా వస్తుంది. ఎలాగూ ఉడికి కలిసిపోయేవాటికి ఇది చాలు. ముక్క ముక్కగా కనపడాల్సిన చోట నాకు నచ్చదు. టమాటా అయితే నీళ్లు నీళ్లవుతుంది. పైగా గిన్నె, బ్లేడు, మూత అన్నీ కడగాలి. ఒకటి రెండు ఉల్లిపాయలకైతే ఆ కడిగే టైంలో కత్తితో పని అయిపోతుంది. ఎక్కువమందికి వండే రోజు మాత్రం చాపర్ నిజంగా ఆదుకుంటుంది.

డైసర్‌తో ముక్కలు చూడముచ్చటగా పడతాయి. దోసకాయ, ఉడికించిన బంగాళాదుంప లాంటి మెత్తనివాటికి బాగుంటుంది. పచ్చి క్యారెట్ లావుగా పెట్టి నొక్కితే ముక్కలు కోసే బ్లేడ్ల జాలీ వంగుతుంది, లేదా మూత కీలు విరుగుతుంది.

మీరు అడగలేదు కానీ, కాయను బ్లేడు మీద జరిపి కోసే స్లైసర్ ఒక్కటే కత్తికి కష్టమైన పని చేస్తుంది: ఒకే మందంలో పలచటి చక్రాలు. దానితో జాగ్రత్త మాత్రం చాలా అవసరం. కాయ చిన్నదయ్యేకొద్దీ వేళ్లు బ్లేడుకు దగ్గరవుతాయి. కాయను పట్టుకోవడానికి దానితో వచ్చే పిడి పెట్టుకోనిదే వాడకండి. చివరి ముక్క కత్తితో కోసుకోండి.

కొత్త కత్తే కొనేటట్లయితే 18 నుంచి 20 సెంటీమీటర్ల బ్లేడు ఉన్న షెఫ్ నైఫ్ (అన్ని రకాల కోతకూ వాడే పెద్ద కత్తి) ఒకటి, చిన్న పనులకు 8 నుంచి 10 సెంటీమీటర్లది ఒకటి చాలు. ఖరీదు కన్నా చేతిలో ఎలా కుదురుతుందో చూడండి. బోర్డు చెక్కదో ప్లాస్టిక్‌దో ఉండాలి. గాజు, గ్రానైట్, స్టీలు మీద కోస్తే ఎంత మంచి కత్తికైనా పదును త్వరగా పోతుంది. బోర్డు కింద తడిగుడ్డ వేస్తే కదలదు.

మరొకరి సందేహం: మా అమ్మగారికి వేళ్ల కీళ్ల నొప్పులండీ. ఆవిడకి కూడా కత్తే మంచిదంటారా?

జవాబు: లేదండీ, ఆవిడ విషయంలో నా సలహా వేరు. తాడు చాపర్ కూడా వద్దు, ఆ పిడిని బిగించి లాగడం వేళ్లకు ఇంకా బాధ. మూత మీద అరచేత్తో నొక్కితే పనిచేసే ఎలక్ట్రిక్ చాపర్ చూడండి. కొనేముందు ఆ మూత ఆవిడ సులువుగా పెట్టి తీయగలరో లేదో ఒకసారి చేయించి చూడండి. గట్టి కాయలు ఇంట్లో ఇంకెవరైనా ముందే పెద్ద ముక్కలు చేసి ఇస్తే మిగతాది ఆవిడే చేసుకోగలరు.

మొదట అడిగినవారు: చాలా థాంక్సండీ. సాన ఇంట్లోనే పెట్టుకోవచ్చా?

జవాబు: తప్పకుండా. 1000 గ్రిట్ సానరాయి ఒకటి తీసుకోండి (గ్రిట్ అంటే రాయి ఎంత గరుకో చెప్పే అంకె). రాయి మీద నీళ్లు పోసి, కత్తిని 15 నుంచి 20 డిగ్రీల వాలులో ఆనించి, ఆ వాలు మారకుండా మడమ (పిడి దగ్గరి అంచు) నుంచి మొన దాకా రుద్దండి. కాసేపటికి రెండో వైపు అంచున సన్నటి గరుకు తేలుతుంది. బొటనవేలిని అంచు వెంబడి కాకుండా, బ్లేడు వెన్ను వైపు నుంచి అంచు బయటికి మెల్లగా జరిపితే తెలుస్తుంది. అంచు పొడవునా ఆ గరుకు తగిలాకే కత్తి తిప్పి రెండో వైపు రుద్దాలి. చాలామంది అంతకుముందే ఆపేసి, పదును రాలేదంటారు. చివర్లో రెండు వైపులా తేలిగ్గా మార్చి మార్చి రుద్దితే ఆ గరుకు పోతుంది. కత్తుల సెట్లతో వచ్చే గుండ్రటి స్టీలు రాడ్ వంగిన అంచును నిటారు చేస్తుంది, అంతే. అరిగిపోయిన కత్తికి రాయే కావాలి.