ఎన్‌క్లెక్స్-పీఎన్ సాధన ప్రశ్నల్లో మార్కులు 55 శాతం దగ్గరే ఆగిపోయాయి, ఏం చేయాలి?

ప్రశ్న: స్టాఫ్ నర్సు, మల్కాజ్‌గిరి

అందరికీ నమస్కారం. నేను జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) పూర్తి చేసి, హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి మెడికల్ వార్డులో ఆరేళ్లుగా పనిచేస్తున్నాను. మావారి ఉద్యోగం అమెరికాలో కావడంతో నేనూ అక్కడ నర్సుగా నమోదు కావాలని దరఖాస్తు చేసుకున్నాను. నా చదువులో మానసిక వైద్య విభాగపు ప్రాక్టికల్ గంటలు చాలలేదని చెప్పి, అక్కడి రాష్ట్ర నర్సింగ్ బోర్డు ప్రస్తుతానికి ప్రాక్టికల్ నర్సు (రిజిస్టర్డ్ నర్సు, అంటే ఆర్ఎన్ పర్యవేక్షణలో పనిచేసే నర్సు) లైసెన్సు పరీక్షకు, అంటే ఎన్‌క్లెక్స్-పీఎన్‌కు మాత్రమే అనుమతి ఇచ్చింది. మార్చిలో అక్కడికి వెళ్లాక పరీక్ష రాయాలి.

నాలుగు నెలలుగా రోజుకు 75 సాధన ప్రశ్నలు చేస్తున్నాను. నైట్ డ్యూటీ దిగి ఇంటికి వచ్చి, పాపను బడికి పంపి, తొమ్మిదింటికి పుస్తకం ముందు కూర్చుంటే పదకొండున్నర వరకు లేవను. మొదటి నెలలో 48 శాతం ఉన్న మార్కులు రెండో నెలకు 55కు చేరాయి, ఆపైన కదలడం లేదు. పాత ప్రశ్నలనే మళ్లీ చేస్తే 85 వస్తున్నాయి, కొత్తవి తీస్తే మళ్లీ 55. మందుల ప్రశ్నల్లో తప్పులు తక్కువే. ఈ నలుగురు రోగుల్లో ముందు ఎవరిని చూడాలి, ఈ పని ఎవరికి అప్పగించాలి అని అడిగేవాటిలోనూ, సరైన జవాబులన్నీ గుర్తించమనేవాటిలోనూ ఎక్కువగా పోతున్నాయి. ఇంకో రెండు వేల ప్రశ్నల ప్యాకేజీ కొనమని ఒకరు, అమీర్‌పేటలో కోచింగ్‌లో చేరమని మరొకరు సలహా ఇస్తున్నారు. ఏది మేలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు 1: టెక్సాస్‌లో ఎల్‌వీఎన్‌గా (ప్రాక్టికల్ నర్సును ఇక్కడ అలా పిలుస్తారు) పనిచేస్తున్నాను, మాది సికింద్రాబాద్

చెల్లెమ్మా, ముందుగా ఆ 55ను చూసి దిగులు పడటం మానేయండి. అసలు పరీక్షను కంప్యూటర్ మీ జవాబులను బట్టి మలుచుకుంటూ పోతుంది. మీరు సరిగ్గా చెబితే కాస్త కష్టమైనది, తప్పితే కాస్త తేలికైనది ఇస్తూ, మీకు దాదాపు సగం అవకాశమే ఉండే ప్రశ్నలను వెతికి మరీ ఇస్తుంది. అందువల్ల ఉత్తీర్ణులైనవారిలో కూడా చాలామంది, సగం ప్రశ్నలు తప్పాయన్న అనుమానంతోనే బయటికి వస్తారు. కనీసం 85, గరిష్ఠంగా 150 ప్రశ్నలు ఉంటాయి, సమయం 5 గంటలు. మీ సామర్థ్యం ఉత్తీర్ణత గీతకు పైన ఉందో కింద ఉందో 95 శాతం నమ్మకంతో తేలగానే పరీక్ష ఆగిపోతుంది. ఒకసారి జవాబు ఇచ్చి ముందుకు వెళ్లాక వెనక్కి రావడం ఉండదు.

నన్ను కలవరపెట్టింది మీ 55 కాదు, పాత ప్రశ్నల్లో వస్తున్న 85. అక్కడ మీకు గుర్తుంటున్నది జవాబే, ఆ జవాబు వెనుక ఉన్న కారణం కాదు. నేనూ అలాగే మూడు నెలలు పోగొట్టుకున్నాను. తరువాత రోజుకు 25 ప్రశ్నలకు తగ్గించి, మిగిలిన సమయమంతా వివరణలకే ఇచ్చాను. తప్పిన ప్రతి ప్రశ్నకూ ఒక లాంగ్ నోట్‌బుక్‌లో నేను ఏది ఎంచుకున్నాను, ఎందుకు ఎంచుకున్నాను, మిగతా మూడూ ఎందుకు కావు అని రాసేదాన్ని.

అందులో ఒక పుట ఇప్పటికీ కళ్లముందు ఉంది. మూత్రం ఎక్కువగా పోయేలా చేసే ఫ్యూరోసెమైడ్, గుండె మందు డిగాక్సిన్ వాడుతున్న ఒక పెద్దాయన ఆకలి లేదని, దీపాల చుట్టూ పసుపు వలయాలు కనిపిస్తున్నాయని చెబుతాడు. ఉదయం డోసు ఇవ్వాల్సిన నర్సు ముందుగా ఏం చేయాలి? నేను డాక్టర్‌కు తెలియజేయాలని పెట్టాను. సరైన జవాబు, గుండె కొన దగ్గర స్టెత్ పెట్టి నిండు ఒక నిమిషం పాటు నాడి లెక్కించడం. ఫ్యూరోసెమైడ్ వల్ల పొటాషియం తగ్గితే డిగాక్సిన్ విషంగా మారుతుందని, పెద్దవారిలో నాడి 60కి తక్కువైతే డోసు ఆపాలని నాకు తెలియక కాదు. మన వార్డులో ఏ తేడా వచ్చినా ముందు డ్యూటీ డాక్టర్‌కు ఫోన్ చేస్తాం, ఆ అలవాటే జవాబు పెట్టింది. డాక్టర్ ఫోన్ ఎత్తగానే అడిగే మొదటి ప్రశ్న నాడి ఎంత అనే కదా. కారణం గడిలో నేను రాసుకున్నది, "మందు తెలుసు, వార్డు అలవాటు తొందరపెట్టింది" అని. నా నోట్‌బుక్‌లో సగానికి పైగా తప్పులకు కారణం ఇదే. ఇలాంటి తప్పులు ఇంకో రెండు వేల ప్రశ్నలు కొన్నంత మాత్రాన పోవు.

జవాబు 2: విశ్రాంత నర్సింగ్ ట్యూటర్, తార్నాక

అమ్మా, మీరు చేస్తున్న ప్రశ్నలు పీఎన్‌కు ఉద్దేశించినవేనా, ఆర్ఎన్‌వా? ఈ సంగతి ముందు చూసుకోండి. మన దగ్గర చేతులు మారే నోట్సులు, లాగిన్లు చాలావరకు ఆర్ఎన్ పరీక్షవే. రోగాలు, మందుల విషయంలో పెద్ద తేడా ఉండదు కాబట్టి ఎవరూ గమనించరు. పని పంపకం దగ్గరికి వచ్చేసరికి ఆ రెండు పరీక్షల్లో నర్సు నిలబడే చోటే మారిపోతుంది. పీఎన్ పరీక్షలో అతి పెద్ద భాగం సంరక్షణ సమన్వయానిది (ముందు ఎవరిని చూడాలి, పని ఎవరికి అప్పగించాలి లాంటివి), 18 నుంచి 24 శాతం వరకు. మీరు పోగొట్టుకుంటున్నది సరిగ్గా అక్కడే.

ఈ ప్రశ్నలు మనవాళ్లకు కష్టం కావడానికి ఒక కారణం ఉంది. మన ఆసుపత్రుల్లో జీఎన్ఎం చదివినవారూ బీఎస్సీ నర్సింగ్ చదివినవారూ ఒకే వార్డులో ఒకే పని చేస్తారు. రాత్రి పూట ఒక్కరే ఉంటే, కొత్త కేసును చేర్చుకోవడం నుంచి రక్తం ఎక్కించడం వరకు అన్నీ ఆ ఒక్కరి చేతుల మీదే నడుస్తాయి. అమెరికాలో ప్రాక్టికల్ నర్సు, ఆర్ఎన్ పర్యవేక్షణలో, పరిస్థితి నిలకడగా ఉన్న రోగులను చూసుకుంటుంది. రోగిని తొలిసారి పరీక్షించి అంచనా వేయడం, సంరక్షణ ప్రణాళిక, రోగికి మొదటిసారి నేర్పడం ఆర్ఎన్ బాధ్యత. వివరాలు సేకరించి తెలియజేయడం, ఆర్ఎన్ ఇప్పటికే నేర్పినదాన్ని మళ్లీ చెప్పి బలపరచడం ప్రాక్టికల్ నర్సు పని. రాష్ట్రాన్ని బట్టి చిన్న తేడాలు ఉన్నా, పరీక్షకు ఈ గీతనే పట్టుకోండి.

ఒక ప్రశ్న చూద్దాం. ఛాతీ నొప్పితో అప్పుడే చేరిన వ్యక్తి, రక్తం ఎక్కించడం మొదలుపెట్టాల్సిన వ్యక్తి, కొత్తగా మధుమేహం బయటపడి ఇన్సులిన్ నేర్చుకోవాల్సిన వ్యక్తి, తుంటి ఆపరేషన్ జరిగి మూడో రోజు నిలకడగా ఉండి నొప్పి మాత్ర, డ్రెస్సింగ్ కావాల్సిన వ్యక్తి. ప్రాక్టికల్ నర్సుకు ఎవరిని అప్పగించాలి? నాలుగో వ్యక్తిని. మీరు ఈ నలుగురినీ ఒకే రాత్రి చూసుకున్నవారే, అందుకే ఏది పెట్టినా సరైనదిగానే కనిపిస్తుంది.

మందుల పేర్లూ ఒకసారి సరిచూసుకోండి. మన పారాసిటమాల్ అక్కడ ఎసిటమినోఫెన్, సాల్బ్యుటమాల్ ఆల్బ్యుటెరాల్, పెథిడిన్ మెపెరిడిన్.

జవాబు 3: ఇటీవల పీఎన్ పరీక్ష ఉత్తీర్ణురాలిని, ప్రస్తుతం ఉప్పల్‌లో ఉన్నాను

సరైనవన్నీ గుర్తించే ప్రశ్నల గురించి మాత్రమే చెబుతాను. 2023 ఏప్రిల్ నుంచి పరీక్ష కొత్త పద్ధతిలో నడుస్తోంది. అంతకుముందు ఒక్క ఎంపిక తప్పినా మొత్తం మార్కు పోయేది. ఇప్పుడు సరైన ఎంపికకు ఒక మార్కు కలుపుతారు, తప్పు ఎంపికకు ఒకటి తీసేస్తారు, మొత్తం మాత్రం సున్నాకు తగ్గదు. కాబట్టి నమ్మకం లేనివాటినీ కలిపి అన్నీ నొక్కేస్తే, వచ్చిన మార్కులు కూడా పోతాయి. నేను ఒక్కో ఎంపికను విడిగా చదివి, ఈ రోగి విషయంలో ఇది నిజమా కాదా అని తేల్చుకునేదాన్ని. ఒకదానితో ఒకటి పోల్చడం ఆపిన తరువాతే నా జవాబులు కుదుటపడ్డాయి. కేసు స్టడీలు కూడా మూడు వస్తాయి, ఒక్కోదానికి ఆరు ప్రశ్నలు. నర్సు నోట్సు, ల్యాబు ఫలితాలు వేరువేరు ట్యాబుల్లో ఉంటాయి, అన్నీ తెరిచి చూడకుండా జవాబు ఇవ్వకండి.

ఇంకొక మాట. పరీక్షలో వచ్చిన అసలు ప్రశ్నలంటూ టెలిగ్రామ్‌లో తిరిగే పీడీఎఫ్‌ల జోలికి పోకండి. ప్రశ్నలను బయటపెట్టబోమని ఒప్పుకున్నాకే అభ్యర్థులు పరీక్షలో కూర్చుంటారు, అతిక్రమిస్తే ఫలితమే రద్దు కావచ్చు. తెలియని రోజుల్లో నేను ఒక కోచింగ్ కేంద్రం దగ్గర అలాంటిది డబ్బు పెట్టి కొన్నాను. అందులో ఒక జవాబు, పొటాషియం క్లోరైడ్‌ను పలచన చేయకుండా నేరుగా సిరలోకి ఇవ్వవచ్చన్నట్టు ఉంది. అలా ఇస్తే గుండె ఆగిపోతుంది. ఆ ఫైలును అక్కడికక్కడే తీసేశాను.

ప్రశ్న అడిగినవారు:

ముగ్గురికీ కృతజ్ఞతలు. ట్యూటర్ గారూ, మీరు అనుమానించినదే నిజమైంది. మా సీనియర్ ఇచ్చిన లాగిన్ ఆర్ఎన్ ప్రశ్నలది, నాలుగు నెలలూ వాటినే చేశాను. నిన్న పీఎన్ ప్రశ్నలు 25 తీసి చేస్తే 16 సరిగ్గా వచ్చాయి. తప్పిన తొమ్మిదినీ నోట్‌బుక్‌లో రాశాను. వాటిలో ఐదింటికి కారణం వార్డు అలవాటే, రెండింటికి ప్రశ్న సరిగ్గా చదవకపోవడం, మిగిలిన రెండు మాత్రమే నిజంగా తెలియనివి. ప్యాకేజీ కొనడం లేదు. ఒక సందేహం మాత్రం మిగిలింది. ఇంటికి వెళ్లబోతున్న రోగి, ఇన్సులిన్ గురించి ప్రాక్టికల్ నర్సునే ఏదైనా అడిగితే ఆమె జవాబు చెప్పాలా, ఆర్ఎన్‌ను పిలవాలా?

విశ్రాంత నర్సింగ్ ట్యూటర్:

ఆర్ఎన్ ఇప్పటికే నేర్పిన విషయమైతే మళ్లీ చెప్పి, రోగి చేత చేయించి చూడటం ప్రాక్టికల్ నర్సు పనేనమ్మా. కొత్త విషయమైతే, లేదా నేర్పినది రోగికి అర్థం కాలేదని తేలితే, ఆర్ఎన్‌కు తెలియజేయాలి. ప్రశ్నలో ఆ బోధన అంతకుముందు జరిగిందో లేదో చెప్పే మాట ఒకటి సాధారణంగా ఉంటుంది, ముందు దాన్ని గుర్తించి ఆ తరువాతే ఎంపికలు చదవండి.