పాత కాగితం టెక్స్‌చర్: ఫిల్టర్లతో పుట్టించాలా, అసలు కాగితాన్ని స్కాన్ చేయాలా?

చిరుగుఅంచు
ఏ3 పోస్టర్, 300 పీపీఐ (అంగుళానికి 300 పిక్సెళ్లు). అంటే 3508 × 4961 పిక్సెళ్లు. వెనక పాతబడ్డ కాగితం కావాలి, దాని మీద ఒక ఉత్తరం వస్తుంది. ఫొటోషాప్ ఫిల్టర్లు చాలని కొందరు, స్కాన్ లేకపోతే ప్లాస్టిక్‌లా ఉంటుందని కొందరు అంటున్నారు. అభిప్రాయాలతో పాటు అంకెలు కూడా చెప్పండి.

ఫిల్టర్‌ప్రియ
ఫిల్టర్లు చాలు. ప్లాస్టిక్‌లా కనిపించడానికి కారణం మబ్బుల నమూనా వేసే క్లౌడ్స్ ఫిల్టర్‌ను నేరుగా పెద్ద కాన్వాస్ మీద కొట్టడం. ఆ ఫిల్టర్‌కు సైజు సెట్టింగే లేదు. మబ్బు ఎంత ఉండాలో పిక్సెళ్ల లెక్కన ముందే ఖాయమై ఉంటుంది కాబట్టి 3508 × 4961లో అది చిన్న చిన్న మచ్చలుగా పడుతుంది. అందుకే 877 × 1240 ఫైల్‌లో క్లౌడ్స్ వేసి, నాలుగు రెట్లు పెంచి అసలు ఫైల్‌లోకి తెచ్చుకోండి.

16 బిట్‌లో (రంగు మెట్లు ఎక్కువ ఉండే ఫైల్) మొదలుపెట్టండి. 8 బిట్‌లో ఇంత మెల్లగా మారే రంగుల మధ్య చారలు తేలతాయి. అడుగున ఆర్ (ఎరుపు) 228, జీ (ఆకుపచ్చ) 208, బీ (నీలం) 168 నింపండి. దాని మీద క్లౌడ్స్ లేయర్, సాఫ్ట్ లైట్ (లేయర్ కింది రంగుతో కలిసే పద్ధతి; ఓవర్‌లే, మల్టిప్లై కూడా అలాంటివే), 25 శాతం. ఆపైన 50 శాతం బూడిద రంగు లేయర్: యాడ్ నాయిస్ 12 (గాసియన్, మోనోక్రొమాటిక్), గాసియన్ బ్లర్ 1.2, తర్వాత ఎంబాస్ (ఉబ్బెత్తుగా చూపే ఫిల్టర్), కోణం 135, ఎత్తు 2. దీన్ని ఓవర్‌లేలో 20 శాతానికి దించండి. ఫిల్టర్ గ్యాలరీలోని టెక్స్‌చరైజర్ జోలికి వెళ్లకండి. ఫిల్టర్ గ్యాలరీ 16 బిట్‌లో పనిచేయదు, పైగా అది ఇచ్చే గరుకు గోడకు నప్పుతుంది, కాగితానికి నప్పదు.

నారపోగు
ప్రియ గారూ, గాసియన్ నాయిస్ అన్ని దిక్కులా ఒకేలా ఉంటుంది. మిల్లులో తయారైన కాగితానికి గ్రెయిన్ ఉంటుంది, నారలు ఎక్కువగా ఒకవైపుకే పడుకుంటాయి. ఎంబాస్ చేసిన నాయిస్ ఇసుకలా కనిపిస్తుంది, అంతే. రెండర్ మెనూలోని ఫైబర్స్ ఫిల్టర్ వాడితే కర్రచెక్క తయారవుతుంది.

స్కాన్ 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) చేయండి; ఆటో కలర్, షార్పెన్ రెండూ ఆపాలి. కాగితం వెనక నల్ల షీట్ పెట్టకపోతే స్కానర్ మూత తెలుపు, వెనక పేజీ అచ్చు రెండూ పైకి తేలతాయి. డీశాచురేట్ చేసి (రంగు తీసేసి), హై పాస్ ఫిల్టర్ 80 ఇచ్చి, ఓవర్‌లేలో పెట్టండి. హై పాస్ వల్ల పెద్ద వెలుగునీడలు పోయి నార మాత్రమే మిగులుతుంది, కాబట్టి కింద ఏ రంగు ఉన్నా చెడదు. నేరుగా మల్టిప్లైలో పెడితే పేజీ మొత్తం నల్లబడుతుంది. చాలామంది స్కాన్‌ను తిట్టుకునేది ఇందుకే.

టీ నీళ్లలో ముంచిన కాగితం మాత్రం వద్దు. ఆరేటప్పుడు రంగు తడి అంచుకు చేరి గీత కడుతుంది. చూసినవాళ్లు టీ ఒలికిందనుకుంటారు, పాతబడిందనుకోరు.

ఫిల్టర్‌ప్రియ
ఏ3 అన్నారు కదండీ. మామూలు స్కానర్ అద్దం ఏ4. 600లో స్కాన్ చేస్తే 4960 × 7016 వస్తుంది. ఏ3కి సరిపడేలా 71 శాతానికి తగ్గిస్తే నార అసలు సైజుకు 1.41 రెట్లు లావుగా ఉంటుంది. అసలు సైజే కావాలంటే సగం పేజీయే నిండుతుంది, మిగతా సగానికి అదే ముక్క మళ్లీ అతకాలి. దాన్ని 90 డిగ్రీలు తిప్పితే నీడల దిక్కు మారిపోతుంది, ఎందుకంటే స్కానర్ దీపం వెలుగు ఒక పక్క నుంచే పడుతుంది. ఇంకో సంగతి. 150 ఎల్‌పీఐ స్క్రీన్‌తో (అంగుళానికి 150 వరసల అచ్చు చుక్కలు) అచ్చేస్తే ఒక్కో చుక్కకు రెండేసి పిక్సెళ్లు. మీరు ఇంత జాగ్రత్తగా పట్టిన ఒక పిక్సెల్ నార అచ్చులో ఉండదు.

నారపోగు
లావు విషయం ఒప్పుకుంటాను. అయినా పోస్టర్‌ను రెండడుగుల దూరం నుంచి చూస్తారు. 1.41 రెట్ల నార అక్కడ అతిగా అనిపించదు, పైగా చుక్కల్లో కలిసిపోకుండా అదే నిలబడుతుంది.

మసిమరక
గొడవంతా గరుకు గురించే నడుస్తోంది. కాగితం పాతదని కంటికి చెప్పేది రంగు ఎక్కడ పడిందన్నది. లిగ్నిన్ (కలపగుజ్జు కాగితంలో ఉండే పదార్థం) గాలికీ వెలుతురుకూ ఆక్సిడైజై పసుపెక్కుతుంది. ఆ రెండూ ముందు తగిలేది అంచులకే. అలాగని నాలుగు వైపులా సమానంగా విన్యెట్ (అంచులు ముదురు చేయడం) పెడితే పెళ్లి ఆల్బమ్ అవుతుంది. గోధుమరంగు లేయర్‌ను మల్టిప్లైలో 35 శాతం పెట్టి, దాని మాస్క్ (లేయర్ ఎక్కడ కనిపించాలో చెప్పే పొర) మీద పెద్ద మెత్తటి బ్రష్, ఫ్లో 10తో అంచులు తెరవండి. ఒక మూల ఎక్కువ, ఎదురు మూల దాదాపు ఖాళీ. కాల్చిన అంచులు అసలు వద్దు. పాతబడితే కాగితం పెళుసై విరుగుతుంది గానీ కాలదు కదా.

ఫాక్సింగ్ మచ్చలకు (పాత కాగితం మీది గోధుమ చుక్కలు) నాయిస్ మీద నేరుగా థ్రెషోల్డ్ (అంతా నలుపు తెలుపులుగా విడగొట్టేది) వేస్తే పేజీ అంతా తట్టు పోసినట్టు ఉంటుంది. నాయిస్, బ్లర్ 4, ఆపైన లెవెల్స్‌తో నలుపు తెలుపుల తేడా బాగా సాగదీసి, తర్వాతే థ్రెషోల్డ్ వేయాలి, లేకపోతే బూడిదంతా 128 చుట్టే చేరి థ్రెషోల్డ్ పట్టుకు దొరకదు. కాసిన్ని చుక్కలు మిగిలాక బ్లర్ 1.5, రంగు ఆర్ 150, జీ 95, బీ 45, మల్టిప్లై 35 శాతం. చివరగా కాంట్రాస్ట్ పెంచిన క్లౌడ్స్‌ను మాస్క్‌గా పెట్టండి. అప్పుడే మచ్చలు గుంపులుగా పడతాయి. మడతకు ఒక్క గీత చాలదు: సన్నని లేత గీత, దాన్ని ఆనుకుని మురికి పట్టిన ముదురు గీత, రెండూ అక్కడక్కడా తెగాలి.

కొత్తబ్రష్
ఫొటోషాప్ బదులు జింప్ సాఫ్ట్‌వేర్‌లో చేసేవాళ్ల సంగతేంటి?

మసిమరక
ఈ విషయంలో జింపే మేలు. క్లౌడ్స్ లాంటి సాలిడ్ నాయిస్‌కు ఎక్స్ (అడ్డం), వై (నిలువు) సైజులు విడివిడిగా ఉంటాయి, కాబట్టి చిన్న ఫైల్ చేసి పెంచే పని లేదు. ఎక్స్‌కు ఒక అంకె, వైకి వేరే అంకె ఇస్తే మచ్చలు ఒకవైపుకు సాగుతాయి. గరుకుకు ఎంబాస్ బదులు బంప్ మ్యాప్ వాడండి.

నారపోగు
ఉత్తరం మాట ఎవరూ ఎత్తలేదు. పూర్తి నలుపుతో పెడితే అక్షరాలు పైన అతికించినట్టుంటాయి. ఆర్ 45, జీ 35, బీ 28 వాడి మల్టిప్లైలో పెట్టండి. లేయర్ స్టైల్‌లోని బ్లెండ్ ఇఫ్‌లో (కింది లేయర్ వెలుగును బట్టి పై లేయర్‌ను దాచేది) అండర్‌లయింగ్ లేయర్ తెల్ల స్లయిడర్‌ను ఆల్ట్ నొక్కి చీల్చి, 215, 230 దగ్గర ఉంచండి. నార ఎత్తుగా ఉన్న చోట సిరా అరిగినట్టు కనిపిస్తుంది.

ఫిల్టర్‌ప్రియ
శీర్షికకు సరే. ఉత్తరం మొత్తానికి అలా చేస్తే మాత్రం అచ్చులో దెబ్బతింటారు. ఆ గోధుమ నలుపు సీఎంవైకేలోకి (అచ్చుకు వాడే నాలుగు సిరాల పద్ధతి) మారితే నాలుగు ప్లేట్ల మీదా పడుతుంది. ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా చిన్న అక్షరాల చుట్టూ రంగు అంచు వస్తుంది. వత్తులు, గుడిదీర్ఘాలు ముందు పూడుకుపోతాయి. 14 పాయింట్ల లోపు పాఠాన్ని లేఅవుట్ సాఫ్ట్‌వేర్‌లో వెక్టర్‌గానే ఉంచి, ఒక్క నలుపు ప్లేట్‌తో, ఓవర్‌ప్రింట్ (కింది రంగును తీసేయకుండా దాని మీదే అచ్చు పడేది) ఆన్ చేసి పంపండి.

నారపోగు
అప్పుడు పాత కాగితం మీద కొత్త ప్రింటవుట్ అవుతుంది.

ఫిల్టర్‌ప్రియ
అవుతుంది, కానీ చదవగలరు. చిరుగుఅంచు గారూ, ఉత్తరం ఎన్ని పాయింట్లలో పెడుతున్నారు?