'వెటరన్' అంటే తలపండినవాడా, కాకలు తీరినవాడా?

సియాటిల్ చిరుజల్లు:
నాన్న తెనాలి నుంచి వచ్చి మా దగ్గరే ఉంటున్నారు. మొన్న ఆదివారం బేస్‌బాల్ మ్యాచ్‌కి తీసుకెళ్లాను. స్టేడియంలో ఎవరి వీపు చూసినా 51 నంబరే. "ఎవర్రా ఈ 51?" అన్నారు. "ఇచిరో సుజుకీ అని జపానాయన నాన్నా. వెటరన్ ఔట్‌ఫీల్డర్, అంటే మైదానం చివర నిలబడి బంతి ఆపేవాడు" అన్నాను. "వెటరన్ అంటే, పశువుల డాక్టరా?"

నవ్వు ఆగాక తెలుగులో చెబుదామని చూస్తే మాట దొరకలేదు. 'సీనియర్ ఆటగాడు' అంటే ఆఫీసులో హోదాలా ఉంది. తలపండిన, కాకలు తీరిన, చేయి తిరిగిన, ఆరితేరిన, పాతకాపు... ఇన్ని ఉన్నాయి గానీ ఒకటి వాడాల్సిన చోట ఇంకోటి నప్పదు. ఔట్‌ఫీల్డర్ సంగతి ఇంకా ఘోరం. క్రికెట్ పుణ్యమా అని మనకి ఔట్‌ఫీల్డ్ అంటే వాన పడితే తడిసేది, అంతే. పెద్దలు తేల్చాలి.

పాతపలక:
'తలపండిన' వద్దండి. అక్కడ పండింది జుట్టు. తలపండిన లాయరు, తలపండిన రాజకీయ నాయకుడు అంటాం. కూర్చుని బుర్రతో చేసే పనులకి అది అందం. పరుగెత్తేవాడిని అలా అంటే 'ఇక చాల్లే, ఇంటికి పో' అన్నట్టుంటుంది. 'ఆరితేరిన' కూడా నాకు అనుమానమే. అబద్ధాల్లోనూ ఆరితేరతారు కదా.

గోదారిగట్టు:
నా ఓటు 'కాకలు తీరిన'కి. కాక అంటే వేడి. పత్రికల్లో రోజూ 'కాక రేపిన వ్యాఖ్యలు' చూస్తూనే ఉంటాం. ఆ వేడికి ఓర్చి బయటపడ్డవాడని నేను అర్థం చేసుకుంటాను. ఇందులో వయసు ప్రసక్తి లేదు, ఇచిరోకి అదే కావాలి. 2001లో సియాటిల్ మెరైనర్స్ జట్టుకి వచ్చేసరికి ఆయనకి 27 ఏళ్లు. అమెరికా లెక్కలో కొత్తవాడు. ఆ ఏడాది 'ఉత్తమ కొత్త ఆటగాడు' అవార్డు ఆయనకే ఇచ్చారు, అదే చేత్తో లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడి అవార్డూ ఇచ్చారు. కానీ అప్పటికే జపాన్‌లో తొమ్మిది సీజన్లు ఆడి 1,278 హిట్లు కొట్టాడు, 1994 నుంచి 2000 దాకా వరసగా ఏడుసార్లు బ్యాటింగ్ టైటిల్ (లీగ్‌లో అత్యధిక బ్యాటింగ్ సగటుకి దక్కేది) గెలిచాడు. (హిట్ అంటే బంతిని కొట్టి, అవుట్ కాకుండా కనీసం మొదటి బేస్ చేరడం. బేస్ అంటే పరుగు తీసేవాడు వరసగా ముట్టుకోవాల్సిన గుర్తు.) జుట్టు నల్లగానే ఉంది, కాకలు మాత్రం ఎప్పుడో తీరాయి. ఇంగ్లీషులో ఒకే మనిషిని ఒకే ఏడాది రూకీ (కొత్తవాడు) అనీ వెటరన్ అనీ అనలేక తంటాలు పడాలి. మనకి ఆ బాధ లేదు.

మానేరు వాగు:
మా దిక్కు కాక అంటే చిన్నాన్న. 'కాకలు తీరిన' అని మొదటిసారి చదివినప్పుడు చిన్నాన్నలందరూ ఎటుపోయారా అనుకున్నాను. సరే, అది పక్కన పెడదాం. ఔట్‌ఫీల్డర్‌కి నేనైతే 'చేయి తిరిగిన' అంటాను. వంటమనిషికీ రచయితకీ వాడతాం కదా, ఇక్కడ నిజంగానే చేతి పనే. 2001 ఏప్రిల్ 11న ఓక్లాండ్‌లో ఇచిరో వేసిన త్రో వీడియో చూడండి. ఒకటో బేస్ మీదున్న ఓక్లాండ్ ఆటగాడు టెరెన్స్ లాంగ్, బంతి కుడివైపు పడింది కదా అని రెండో బేస్ దాటి మూడోదానికి పరుగు తీశాడు. ఇచిరో ముందుకొచ్చి బంతి అందుకున్నాడు, అదే ఊపులో విసిరాడు. అంత దూరం నుంచి బంతి నేల తాకకుండా నేరుగా మూడో బేస్ దగ్గరున్నవాడి గ్లవ్‌లో పడింది. వచ్చేవాడు బేస్ ముట్టుకునేలోపే బంతి వాడికోసం కాచుక్కూర్చుంది. రేడియో వ్యాఖ్యాత దాన్ని లేజర్ బీమ్ అన్నాడు. ఇప్పుడు ఇచిరో త్రో అంటే జపాన్‌లోనూ అదే మాట.

పాతపలక:
కాచుక్కూర్చుంది అన్నారు చూడండి, అక్కడే దొరికింది! 'కాపు'లో ఉన్నది ఆ కాయడమే. పంట కాస్తాం, పశువుల్ని కాస్తాం. ఔట్‌ఫీల్డర్ చేసేదీ మైదానం చివర కాపు కాయడమే. అందుకని 'పాతకాపు' అనండి, రెండు ముక్కలూ ఒక్క మాటలో వచ్చేస్తాయి. పైగా ఇచిరో 2012 మధ్యలో న్యూయార్క్ జట్టు యాంకీస్‌కి పోయి, తర్వాత మయామీలో మూడేళ్లు ఆడి, 2018లో మళ్లీ సియాటిల్‌కే వచ్చాడు. పాత గూటికి చేరిన నాయకుణ్ణి మన పేపర్లు పాతకాపు అనే కదా రాసేది.

గోదారిగట్టు:
ఒప్పుకున్నాను, కానీ వాక్యంలో పెట్టి చూడండి. "2004లో 262 హిట్లు కొట్టి, 1920 నుంచి జార్జ్ సిస్లర్ పేరిట ఉన్న 257 రికార్డును చెరిపేసిన పాతకాపు". ఏమో, పంచాయతీ ఎన్నికల వాసన వస్తోంది.

ఇంకో సంగతి, పేరు గురించి. ఇచిరో అనే పేరు జపాన్‌లో మామూలుగా పెద్దకొడుక్కి పెడతారు, 'ఇచి' అంటే ఒకటి. ఈయనేమో రెండోవాడు. చివరి అక్షరం వేరేది రాస్తారు, దానికి వెలుగు అనే అర్థం. సుజుకీలు వీధికి పదిమంది ఉంటారని, 1994లో జపాన్‌లో ఆయన జట్టు మేనేజర్ ఓగి ఇంటిపేరు తీయించి చొక్కా మీద ఉత్త 'ఇచిరో' అని రాయించాడు. మా ఊళ్లో డెబ్బై ఏళ్ల చిన్నబ్బాయి గారున్నారు, ఆయన ఇంటిపేరు పోస్ట్‌మాన్‌కి కూడా తెలీదు.

మానేరు వాగు:
పాతపలక గారూ, 'తలపండిన'ని పూర్తిగా తోసేయకండి. 2019 మార్చి 21, టోక్యో డోమ్, ఆఖరి మ్యాచ్. 45 ఏళ్లు. టోపీ తీస్తే తల నెరిసి కనిపించింది. అక్కడ ఆడిన రెండు మ్యాచ్‌ల్లోనూ ఒక్క హిట్టూ పడలేదు. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో మైదానం వదిలి వస్తుంటే ఒక్కొక్కరినీ కావలించుకున్నాడు, అదే రోజు అరంగేట్రం చేసిన సహచరుడు కికుచి ఏడ్చేశాడు. ఆ రాత్రికి నాకు తలపండిన అనే మాటే సరిపోతుంది.

పాతపలక:
ఆ ఒక్క రాత్రికి ఇచ్చేశాను, తీసుకోండి.

సియాటిల్ చిరుజల్లు:
ఇవన్నీ నాన్నకి చదివి వినిపించాను. 'కాకలు తీరిన' దగ్గర తలూపారు. నేను ఊరుకోకుండా, 2025లో బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌కి (మేటి ఆటగాళ్లకిచ్చే గౌరవం) 394 ఓట్లలో 393 వచ్చాయని కూడా చెప్పాను. అంతే, మాట సంగతి వదిలేశారు. రాత్రి భోజనాల దగ్గర కూడా అదే ప్రశ్న: "ఆ వెయ్యని ఒక్కడూ ఎవడ్రా?" ఇచిరో కూడా అతన్ని ఇంటికి పిలిచి మందు పోస్తానన్నాడనీ, అతను పలక్కపోయేసరికి గడువు అయిపోయిందని సన్మాన సభలోనే చెప్పాడనీ అన్నాను. "పిలిస్తే మాత్రం ఎలా వస్తాడు, మొహం చెల్లొద్దూ" అన్నారు, పెరుగు గిన్నె లాక్కుంటూ.