పాడుబడ్డ స్విమ్మింగ్ పూల్‌తో ఇల్లు కొన్నాం: బాగు చేయించాలా, పూడ్చేయాలా?

పెనమలూరు కొత్తిల్లు
అందరికీ నమస్కారం. పెనమలూరులో బందరు కాలవకి దగ్గర్లో ఒక పాత ఇల్లు కొన్నాం. పెరట్లో స్విమ్మింగ్ పూల్ ఉంది. పొడవు 24 అడుగులు, వెడల్పు 12, లోతు ఒక పక్క మూడున్నర, ఇంకో పక్క అయిదున్నర. అమ్మినవాళ్ళు నాలుగేళ్ళుగా ఇక్కడ లేరు. నీళ్ళు రుబ్బిన గోరింటాకులా ఉన్నాయి. మామిడాకులు కుళ్ళిన వాసన, సాయంత్రమైతే దోమలు. పూడ్చేసి మల్లెపాదులు పెట్టుకుందామని మా ఆవిడ, మా అమ్మ ఒకే మాట మీదున్నారు. నైరుతిలో గొయ్యి ఉండకూడదని అమ్మ బాధ. నాకేమో మా ఆరేళ్ళ పాపకి ఇంట్లోనే ఈత నేర్పాలని ఉంది. ఒక పనివాడు వచ్చి చూసి, "రేపే నీళ్ళన్నీ తోడేసి యాసిడ్‌తో కడిగేద్దాం" అన్నాడు. జులై నెల, వానలు పడుతున్నాయి. ఏం చేయమంటారు?

గోరంట్ల, గుంటూరు
పూడ్చేయండి తమ్ముడూ. మూడేళ్ళు పోషించి చివరికి నేనూ ఆ పనే చేశాను. ఒక హార్స్‌పవర్ మోటారు రోజుకి ఎనిమిది గంటలు తిరిగితే ఆరు యూనిట్లు, నెలకి 180. మా పిల్లలు దిగింది ఏడాదికి నెలన్నర. మిగతా రోజులంతా ఆ నీళ్ళకి చాకిరీ.

అయితే నేను చేసిన తప్పు మీరు చేయొద్దు. అడుగు పగలగొట్టకుండా ట్రాక్టర్లతో నల్లమట్టి పోయించా. వానకి నీళ్ళు దిగే దారి లేక అంతా బురద. నల్లరేగడి కదా, తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. రెండో ఎండాకాలానికి పైన వేసిన బండలన్నీ లేచిపోయాయి. అడుగున నాలుగైదు చోట్ల పెద్ద కన్నాలు కొట్టించి, ముందు కంకర, తర్వాత ఇసుక, ఆ పైన మట్టి పోయించాలి.

పటమట పూల్ పని
అన్నా, పూడ్చాలా ఉంచాలా అన్నది మీ ఇంటి మాట. కానీ ఈ నెలలో మాత్రం తోడించొద్దు. ఎవరు చెప్పినా వినొద్దు.

కాలవలో నీళ్ళు పారే రోజులివి. ఆ చుట్టుపక్కల భూమిలో నీళ్ళు పైపైనే ఉంటాయి. నిండా ఉన్న పూల్‌లో దాదాపు 36,700 లీటర్లు, అంటే 36 టన్నుల పైన బరువు. ఆ బరువే పూల్‌ని కిందికి అదిమి పట్టుకుంటుంది. అది తీసేస్తే కింది నీళ్ళు మొత్తం తొట్టిని పడవలా పైకి తోస్తాయి. అడుగు పగులుతుంది, పైపులు విరుగుతాయి. తర్వాత బాగు చేయిద్దామన్నా ఏమీ మిగలదు. పక్కింటి బావిలో తాడు వేసి కొలవండి. నీళ్ళు మీ పూల్ అడుగు కన్నా పైన ఉంటే మోటారు దించొద్దు. కాలవలు కట్టేశాక ఏప్రిల్, మే నెలల్లో మళ్ళీ కొలిచి చూసి, అప్పుడు ఖాళీ చేయండి.

ఉన్న నీళ్ళనే తేర్చొచ్చు. ముందు వలతో ఆకులన్నీ తీయండి, దీనికే రెండు రోజులు పడుతుంది. ఫిల్టరులో ఇసుక ఎన్నేళ్ళదో అడగండి, గడ్డకట్టి ఉంటే మార్పించండి. పీహెచ్ (నీళ్ళలో ఆమ్లం, క్షారం ఎంతుందో చెప్పే కొలత) 7.2కి దించాకే క్లోరిన్ వేయాలి, లేకపోతే సగం బలం వృథా. 65 శాతం క్యాల్షియం హైపోక్లోరైట్ ఆరువందల గ్రాములు వేస్తే మీ పూల్‌కి లీటరుకి 10 మిల్లీగ్రాముల క్లోరిన్ వస్తుంది. సాయంత్రం పొద్దుగూకాక వేయండి, ఎండ తగిలితే గంటల్లో ఎగిరిపోతుంది. పొద్దున్నకి క్లోరిన్ నిలబడేదాకా రోజూ ఇంతే. గోడలు రుద్దుతూ, మోటారు ఆపకుండా తిప్పుతూ, ఫిల్టరులో ప్రెజర్ పెరిగినప్పుడల్లా బ్యాక్‌వాష్ చేయాలి, అంటే నీళ్ళు వెనక్కి తిప్పి ఇసుక కడగాలి. పాచి చచ్చాక నీళ్ళు కుడితిలా తెల్లబడతాయి, కంగారుపడొద్దు. చౌక అని మామూలు బ్లీచింగ్ పౌడరు పోస్తే అడుగంతా సున్నం పేరుకుంటుంది.

రెండు జాగ్రత్తలు. బకెట్లో ముందు నీళ్ళు, తర్వాత మందు. మందు మీద నీళ్ళు పోయకూడదు. తేలే క్లోరిన్ బిళ్ళల్నీ ఈ పొడినీ ఒకే డబ్బాలో కలపకూడదు, మంట లేస్తుంది.

భవానీపురం అమ్మ
ఎవరూ పాప మాట ఎత్తలేదేమండీ? ఆ పచ్చటి నీళ్ళలో పిల్ల జారిపడితే పైనుంచి కనపడదు. అరుపు కూడా రాదు. ఈ చర్చ తేలేలోపు నాలుగడుగుల జాలీ, దానంతటదే మూసుకునే గేటు పెట్టించండి. గడియ పిల్లకి అందనంత ఎత్తులో ఉండాలి. పూల్ మీద పట్టా కప్పి ఊరుకోవద్దు, దానిమీద కాలు పెడితే పిల్లతో సహా లోపలికి పోతుంది. ఈత ఎక్కడైనా నేర్పొచ్చు.

గోరంట్ల, గుంటూరు
అమ్మా, అందుకే పూడ్చమంటున్నా. గేటు ఎన్నాళ్ళు వేస్తారు? ఒక్క రోజు పనివాళ్ళు తెరిచి వదిలేస్తే?

పటమట పూల్ పని
ఆ మాట నిజమే సార్, కాదనను. రోజూ అరగంట చూసే మనిషి ఇంట్లో లేకపోతే నేనే పూడ్చమంటాను. వారానికోసారి వచ్చే నాలాంటివాడు చాలడు.

పెనమలూరు కొత్తిల్లు
పదకొండు రోజుల తర్వాత రాస్తున్నాను. పక్కింటి బావి కొలిచాను. నాలుగున్నర అడుగుల్లోనే నీళ్ళు! లోతు పక్కన మా పూల్ అడుగు దానికన్నా అడుగు కిందే ఉంది. ఆ రోజు ఆ పనివాడికి సరేననుంటే ఏమయ్యేదో. తోడించడం మానేశాను.

ముందు జాలీ పెట్టించాను. గేటు వదిలేస్తే దానంతటదే పడుతుంది. తర్వాత ఆకులు తీశాం. వలలో ఒక చిన్న పిల్ల చెప్పు వచ్చింది, పాచిపట్టి, ఒకటే. మా ఆవిడ దాన్ని చేతిలో పట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు. పాత యజమానికి ఫోన్ చేస్తే, వాళ్ళ మనవరాలు ఆడుకుంటూ విసిరేసిందట, పిల్ల బాగానే ఉందట. అప్పుడుగానీ మా ఇద్దరికీ ఊపిరాడలేదు.

తొమ్మిదో రోజుకి మూడున్నర అడుగుల పక్క నీలం పలకలు కనపడ్డాయి. రెండో పక్క ఇంకా మసకే. పొద్దున్నే ఆరింటికి గొట్టంలో పూల్ నీళ్ళు తీసి, చుక్కల మందు వేసి, రంగుని బట్టి క్లోరిన్ చూసే పని నాదేనని ఒప్పుకున్నాను. ఏప్రిల్ దాకా నేను ఒక్క రోజు తప్పినా పూడ్చడమేనని మా ఆవిడ షరతు పెట్టింది. కాలవ కట్టేశాక ఖాళీ చేసి పగుళ్ళు చూస్తాను. గోరంట్ల గారూ, మీరు చెప్పిన కంకర, ఇసుక లెక్క రాసి పెట్టుకున్నాను.