జెల్‌లో క్యాన్సర్ కణం మందుని తట్టుకుంటే, అది చుట్టుపక్కల ప్రభావమేనా?

తరమణి:
రొమ్ము క్యాన్సర్ కణాలు ప్లాస్టిక్ ప్లేటు మీద ఉంటే మందుకి చచ్చిపోతాయి. జెల్‌లో, అంటే కణాల్ని చుట్టి పట్టుకునే మెత్తటి జిగురులో పెంచితే చాలాసార్లు అదే మందుని తట్టుకుని బతికేస్తాయి. చెన్నై ల్యాబుల్లోని మనవాళ్లు చాలామంది ఇంకా ప్లేటు ఫలితాన్నే పట్టుకుని కూర్చుంటున్నారు. మామూలు రొమ్ము కణజాలం గట్టిదనం సుమారు 200 పాస్కల్స్ (గట్టిదనం కొలత), కణితిది 4,000 దాకా. ప్లాస్టిక్‌ది గిగాపాస్కల్స్‌లో, అంటే వందల కోట్ల పాస్కల్స్‌లో ఉంటుంది. వెన్నముద్దకీ రోటిబండకీ ఉన్న తేడా! చుట్టూ ఏముందో దాన్నిబట్టే కణం నడుచుకుంటుంది.

గిండీ:
తరమణి గారూ, అంత తొందరగా తేల్చేయకండి. బతికాయంటే మందు అసలు లోపలికి చేరలేదేమో! పైగా జెల్‌లో కణాలు గోళంలా ముద్దకడతాయి, అందులోకి ఆక్సిజన్ కూడా 150–200 మైక్రాన్లకి (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు) మించి చొరబడదు. 500 మైక్రాన్ల గోళంలో నడిమి కణాలు విభజన మానేస్తాయి, విభజించే కణాల్నే దెబ్బతీసే పాక్లిటాక్సెల్ మందు వాటినేం చేయగలదు? డాక్సోరుబిసిన్ అనే ఇంకో క్యాన్సర్ మందు తనంతట తనే ఎర్రగా మెరుస్తుంది. 1 గంటకి, 6 గంటలకి లోతు పొరల్ని చూపే కాన్ఫోకల్ మైక్రోస్కోప్ కింద చూస్తే ఎంత లోతుకి పోయిందో తెలిసిపోతుంది. ఇంకోటి, ఏటీపీ పరీక్ష: కణాల్ని కరిగించి, బతికున్నవాటిలోని ఏటీపీ అనే శక్తి అణువుని కొలవడం. మందు వేయని పెద్ద గోళాలు పూర్తిగా కరగకపోతే కంట్రోల్ (పోలిక కోసం పెట్టుకున్న) రీడింగ్ తగ్గుతుంది, దాంతో మందు పనిచేయనట్టు లెక్క వస్తుంది.

తరమణి:
మరి 2012లో మెలనోమా అనే చర్మ క్యాన్సర్ మీద వచ్చిన ఫలితాలకి ఏమంటారు? ఫైబ్రోబ్లాస్టుల (కణజాలాన్ని అల్లే మామూలు కణాలు) పక్కన పెంచిన, బీర్యాఫ్ జన్యువు మారిన క్యాన్సర్ కణాలు ఆ బీర్యాఫ్‌ని అడ్డుకునే మందు వెమురాఫెనిబ్‌ని తట్టుకున్నాయి. ఫైబ్రోబ్లాస్టులు వదిలే హెచ్‌జీఎఫ్ అనే ప్రోటీన్ క్యాన్సర్ కణాల మీద సంకేతాలు అందుకునే మెట్ గ్రాహకాన్ని లేపింది. మెట్‌ని అడ్డుకుంటే మందు మళ్లీ పనిచేసింది.

అడయార్:
ఈ గొడవ తేల్చే ప్రయోగం ఒకటుంది. ఫైబ్రోబ్లాస్టుల మీద 48 గంటలు ఉంచిన మీడియంని (కణాలు పెరిగే పోషక ద్రవం) 0.22 మైక్రాన్ ఫిల్టర్‌లో వడకట్టి, జెల్ లేకుండా ఒంటి పొరగా పెంచిన క్యాన్సర్ కణాల మీద మందుతోపాటు పోయండి. బతికితే ఫైబ్రోబ్లాస్టులు వదిలిన సంకేతం పనిచేస్తున్నట్టే, చస్తే మందు చేరకపోవడాన్నో గట్టిదనాన్నో అనుమానించాలి. అయితే వాడేసిన మీడియంలో గ్లూకోజ్ తగ్గి, ఆమ్లం పెరిగి ఉంటుంది. నీరసించి విభజన తగ్గిన కణం కూడా మందుని తట్టుకున్నట్టే కనిపిస్తుంది. అందుకే సగానికి సగం తాజా మీడియం కలపండి. క్యాన్సర్ కణాల మీదే ఉంచి తీసిన మీడియంని కంట్రోల్‌గా పెట్టండి.

జెల్ సంగతి కూడా చెప్పాలి. ఇందుకు వాడే మ్యాట్రిజెల్ ఎలుక కణితిలోంచి తీసేది, లాటు (తయారైన విడత) మారితే ప్రోటీన్ మోతాదు మారుతుంది. ప్రతి లాటునీ ఒకే మిల్లీగ్రాముల లెక్కకి పలచన చేయాలి. రాత్రంతా 4 డిగ్రీల ఫ్రిజ్‌లో మంచు మీదే కరగనివ్వాలి, పిపెట్ టిప్పుల్నీ ప్లేటునీ ముందే చల్లబరచాలి. మే నెలలో ఏసీ ఆగిందంటే టిప్పులోనే గడ్డకడుతుంది. అప్పుడు ప్లేటులోని ఒక్కో గుంటలో జెల్ ఒక్కో మందంలో వచ్చి, ఫలితాలు చెల్లాచెదురవుతాయి.

గిండీ:
ఆ కంట్రోల్ పెడితే ఒప్పుకుంటాను. హెచ్‌జీఎఫ్‌ని పట్టేసే యాంటీబాడీ వేసిన గుంటలు కూడా పక్కనే ఉండాలి.