సీఓపీడీకి ఏ జోడి ఇన్‌హేలర్: స్టెరాయిడ్ ఉన్నదా, లేనిదా, మూడూ కలిసిందా?

నకిరేకల్ కోడలు:
మా అత్తమ్మకు డెబ్బై దగ్గర పడ్డది. బీడీ ముట్టలే, చుట్ట ముట్టలే. పత్తి కట్టె, కంది కట్టె, పిడకలు పెట్టుకుంట బతుకంతా పొయ్యి ముందట కూసున్న మనిషి. గ్యాస్ వచ్చినంక గూడ నీళ్లు కాగబెట్టేది, జొన్నరొట్టె చేసేది కట్టెల పొయ్యి మీదనే. గొట్టంల ఊదించే పరీక్ష చేసి సీఓపీడీ, అంటే ఊపిరి గొట్టాలు సన్నబడి దమ్ము వచ్చే జబ్బు అన్నరు. అప్పటిసంది ఫార్మోటెరాల్, బుడెసొనైడ్ అనే స్టెరాయిడ్ కలిసిన గోలీ మిషన్ల పెట్టి పీలుస్తున్నది. దమ్ము కొంత తగ్గింది గని, పోయిన వానకాలం దవాఖానల పడ్డది. అంతకు ముందటేడు గూడ అట్లనే అయింది. రెండుసార్లూ నిమోనియా అన్నరు.

ఇప్పుడు నల్గొండల డాక్టరు స్టెరాయిడ్ తీసేసి ఇండాకటెరాల్, గ్లైకోపైరోనియం కలిసింది రాసిండు. హైదరాబాద్ల చూపిస్తే అది చాలదు, అసొంటి రెండింటికి స్టెరాయిడ్ గూడ కలిపిన మూడు మందులది వాడమన్నరు. ఇద్దరూ పెద్ద చదువు చదివినోళ్లే. స్టెరాయిడ్ ఉండాల్నా వద్దా? తెలిసినోళ్లు కారణంతోటి చెప్పుండ్రి.

మిర్యాలగూడ మందుల షాపు:
అక్కా, నేను కౌంటర్ల నిలబడి చూసేది చెప్త. మా దగ్గరికి వచ్చేటోళ్లల్ల రైస్ మిల్లు హమాలీలు ఎక్కువ. ఊక దుమ్ము, బీడీ రెండూ ఉంటయి. వాళ్ల చీటీల మీద ఉండేది చానా మట్టుకు స్టెరాయిడ్ జోడియే. బుడెసొనైడ్, ఫార్మోటెరాల్ జాతీయ అత్యవసర మందుల జాబితాల ఉన్నయి, అందుకే ధరకు పరిమితి ఉంటది. ఏ మండలంల అడిగినా దొరుకుతది. కొత్త జోడీలు మాలాంటి టౌన్ల ఉంటయి, లోపలి ఊర్లల్ల అడిగితే రేపు తెప్పిస్త అంటరు. మూడు కలిసింది ఇంకా ఖరీదు. సగం నెలకు ఆగిపోయే మందు కన్నా నెలంతా నడిచే మందు మేలు. నా మాట పాతదానికే.

ఛాతీ వైద్యుడు, మహబూబ్‌నగర్:
దొరకని మందు ఎంత మంచిదైనా లాభం లేదన్నది నిజమే. కానీ ఆస్తమాకూ సీఓపీడీకీ ఒకే చీటీ రాసే అలవాటును సమర్థించడానికి ఆ మాట సరిపోదు.

ఆస్తమాలో స్టెరాయిడ్ తప్పనిసరి. అది లేకుండా ఫార్మోటెరాల్ లాంటిది ఒక్కటే వాడితే ప్రాణానికే ముప్పు. సీఓపీడీలో చాలామందికి ఊపిరి గొట్టాల్లో వాపు వేరే రకం, స్టెరాయిడ్‌కు అంతగా లొంగదు. అక్కడ మొదట కావలసింది గొట్టాలు తెరుచుకుని ఉండటం. ఫార్మోటెరాల్, ఇండాకటెరాల్ గొట్టం చుట్టూ ఉండే కండరాన్ని వదులు చేస్తాయి. టియోట్రోపియం, గ్లైకోపైరోనియం ఆ కండరాన్ని బిగించే నరాల సంకేతాన్ని అడ్డుకుంటాయి. రెండు దారుల్లోనూ పని జరిగితే ఊపిరితిత్తుల్లో ఇరుక్కుపోయిన పాత గాలి బయటికి పోతుంది, మనిషి నాలుగడుగులు ఎక్కువ నడుస్తాడు.

2016లో వచ్చిన ఫ్లేమ్ అధ్యయనం మీ ప్రశ్ననే నేరుగా అడిగింది. ఒకవైపు ఇండాకటెరాల్, గ్లైకోపైరోనియం; ఇంకోవైపు సాల్మెటెరాల్, ఫ్లూటికాసోన్ అనే స్టెరాయిడ్. మూడు వేల మందికి పైగా రోగులు, ఏడాది పాటు. స్టెరాయిడ్ లేని జోడి వాడినవాళ్లలో జబ్బు ముదిరిన సందర్భాలు 11 శాతం తగ్గాయి. నిమోనియా అక్కడ 3.2 శాతం, స్టెరాయిడ్ వైపు 4.8 శాతం. స్టెరాయిడ్ పీల్చేవాళ్లలో నిమోనియా ఎక్కువని 2007లో టార్చ్ అధ్యయనం అప్పుడే చూపించింది. ప్రపంచమంతా చూసే గోల్డ్ మార్గదర్శకాలు 2023 నుంచి సీఓపీడీకి స్టెరాయిడ్, ఫార్మోటెరాల్ రకం జోడీని ప్రోత్సహించడం లేదు. స్టెరాయిడ్ అవసరమైనవాళ్లకు మూడూ కలిపి ఇవ్వమంటున్నాయి. రెండుసార్లు నిమోనియా వచ్చిన అమ్మకు పాత జోడి కొనసాగించడం నాకు ఒప్పు కాదు.

మునుగోడు రిటైర్డ్ టీచర్:
డాక్టర్ గారూ, ఫ్లేమ్ చెప్పి ఇంపాక్ట్ చెప్పకపోవడం న్యాయం కాదు. నేను సిగరెట్ తాగి ఈ జబ్బు తెచ్చుకున్నవాణ్ణి, కాబట్టి ఉన్నవన్నీ చదువుతుంటాను. 2018లో పది వేల మందికి పైగా రోగుల మీద చేసిన అధ్యయనం అది. మూడూ కలిసిన మందు వాడినవాళ్లకు ఏడాదికి సగటున 0.91 సార్లు జబ్బు ముదిరింది. స్టెరాయిడ్ జోడికి 1.07, మీరు మెచ్చుకునే జోడికి 1.21. అంటే అక్కడ స్టెరాయిడ్ లేనిదే అన్నిటికన్నా వెనకబడింది. 2020లో ఈథోస్ కూడా మూడింటి వైపే నిలిచింది. నేను మూడింటికి మారినాక ఆసుపత్రిలో చేరాల్సిన అవసరం పడలేదు. ఈ అమ్మ రెండేళ్లలో రెండుసార్లు ఆసుపత్రి పాలైంది. హైదరాబాద్ డాక్టరు చెప్పిందే సరైనదని నా నమ్మకం.

ఛాతీ వైద్యుడు, మహబూబ్‌నగర్:
మాస్టారూ, మీ అంకెలు సరైనవే. ఇంపాక్ట్ ఫలితం ఫ్లేమ్‌కు ఎదురు ఎందుకు వచ్చిందో కూడా చూడండి.

ఫ్లేమ్‌లో ఆస్తమా చరిత్ర ఉన్నవాళ్లను తీసుకోలేదు. మొదలుపెట్టే ముందు నాలుగు వారాలు అందరికీ టియోట్రోపియం ఒక్కటే ఇచ్చి నడిపారు. ఇంపాక్ట్‌లో ఒకప్పుడు ఆస్తమా ఉండినవాళ్లూ ఉన్నారు. చేరినవాళ్లలో ఎక్కువమంది అప్పటికే స్టెరాయిడ్ పీలుస్తున్నవాళ్లు. వాళ్లలో కొందరు స్టెరాయిడ్ లేని జోడీలో పడ్డ రోజునే అది ఒక్కసారిగా ఆగిపోయింది. స్టెరాయిడ్ అవసరమున్న మనిషికి హఠాత్తుగా ఆపితే మొదటి నెలల్లోనే ముదురుతుంది, ఆ లెక్క జోడి ఖాతాలో పడుతుంది. పైగా జబ్బు తరచూ ముదిరేవాళ్లే అందులో ఎక్కువ. మీలాంటివాళ్లకు మూడింటితో మేలు జరిగిందంటే నేను పూర్తిగా ఒప్పుకుంటాను. అదే ఇంపాక్ట్‌లో నిమోనియా మూడింటి వైపు 8 శాతం, స్టెరాయిడ్ జోడి వైపు 7, స్టెరాయిడ్ లేని వైపు 5. ఆ అంకె కూడా పక్కన పెట్టి చూడాలి.

నన్ను ఇంకా కలవరపెట్టేది వేరే ఉంది. ఈ పెద్ద అధ్యయనాల్లో చేరాలంటే ఏళ్ల తరబడి పొగ తాగిన చరిత్ర ఉండాలి. రోజుకో పెట్టె చొప్పున పదేళ్లు, లేదా దానికి సమానం. పొయ్యి పొగతో జబ్బు తెచ్చుకున్న పల్లెటూరి ఆడవాళ్లు వాటిలో లేరు. మా ఓపీలో వరుసగా కూర్చునే అమ్మల్లో ఎంతమంది బీడీ ముట్టనివాళ్లో నాకు తెలుసు. వాళ్ల మీద ఏ అంకెను మోపినా అది సిగరెట్ తాగినవాళ్ల నుంచి తెచ్చిందే. కాబట్టి అమ్మ ఒంట్లో ఉన్న ఆధారాలే చూడాలి. రక్తంలో ఇసినోఫిల్స్ అనే ఒక రకం తెల్లకణాలు ఎన్ని? ఎప్పుడైనా టీబీ వచ్చిందా? ఆ రెండుసార్లు నిజంగా ఏం జరిగింది?

ఇసినోఫిల్స్ 300 దాటితే స్టెరాయిడ్‌తో మేలు ఎక్కువ, 100 లోపు అయితే దాదాపు ఉండదు. పాత టీబీ ఉన్న ఛాతీకి, మళ్లీ మళ్లీ నిమోనియా వచ్చే ఛాతీకి స్టెరాయిడ్ ఇవ్వాలంటే గట్టి కారణం కావాలి.

అచ్చంపేట ల్యాబ్:
సారు చెప్పిన అంకె గురించి ఒక మాట. రిపోర్టుల చాలాసార్లు శాతమే రాస్తరు. తెల్లకణాల మొత్తాన్ని ఆ శాతంతో గుణించాలె. మొత్తం 8,000 ఉండి ఇసినోఫిల్స్ 4 శాతమైతే 320 అన్నట్టు. ఇంకో సంగతి: కడుపుల నులిపురుగులున్నా ఈ కణాలు పెరుగుతయి, ఫైలేరియా వల్ల గూడ పెరుగుతయి. మన దిక్కు ఫైలేరియా గోలీలు ఇంటింటికీ పంచిన ఊర్లు ఉన్నయి. చెప్పులు లేకుండ చేన్ల తిరిగే మనిషికి 500 వచ్చిందని స్టెరాయిడ్‌కు ఓటెయ్యొద్దు. ఒక్క రిపోర్టు కాదు, రెండు మూడు చూడాలె.

దేవరకొండ ఆశా:
అన్నా, దానికి ఉల్టా గూడ జరుగుతది. దమ్ము రాంగనే ఊర్ల ఆర్‌ఎంపీ దగ్గర డెక్సా సూది ఏయించుకుంటరు, అది గూడ స్టెరాయిడే. ఆ సూది పడ్డంక రక్తం తీస్తే ఆ కణాలు పడిపోయి కనిపిస్తయని మా మెడికల్ ఆఫీసర్ చెప్పిండు. సూది ఎప్పుడు పడ్డదో అడగకుండ రిపోర్టు నమ్మద్దు.

ఇంకా అసలు సంగతి: మీ అత్తమ్మ పీల్చంగ మీరు చూసిన్రా? నేను తిరిగే తండాలల్ల ఆ గోలీని నీళ్లతోటి మింగినోళ్లు ఉన్నరు. మిషన్ల పెట్టి పైపైన పీలిస్తే పొడి గోలీలనే ఉంటది. పీల్చినంక గోలీ విప్పి చూడుండ్రి, పొడి మిగిలితే మందు పోలేదన్నట్టే. ముందు ఊపిరంతా బయటికి వదలాలె, తర్వాత గట్టిగ, లోతుగ లాగాలె, పది లెక్కపెట్టేదాక ఆపాలె. అంత జోరు లేనోళ్లకు స్పేసర్, అంటే మందు నిలిచే డబ్బా, పెట్టి కొట్టే స్ప్రే మేలు. స్టెరాయిడ్ ఉన్నదైతే నోరు పుక్కిలించి ఉమ్మాలె, లేకుంటే నోట్ల తెల్లపూత వస్తది. ఇవేవీ చూడకుండ మందు పనిచేయలేదని ఇంకో మందుకు మారుస్తుంటే నాకు బాధైతది. అది గొంతు కాడనే ఆగిపోతున్నది సారూ.

ఛాతీ వైద్యుడు, మహబూబ్‌నగర్:
ఆశా అమ్మ చెప్పింది ప్రతి ఓపీ గోడ మీద రాయాలి. ఏ జోడి ఎంచినా ముందు ఆ పరీక్ష జరగాలి.

షాపు అన్నకు ఒక మాట. గ్లైకోపైరోనియం, టియోట్రోపియం ఇచ్చేటప్పుడు ముసలి మగవాళ్లను మూత్రం ధార ఎట్లా ఉందో అడగండి. ప్రోస్టేట్ పెద్దదైతే మూత్రం ఆగిపోవచ్చు. కంటిలో ఒత్తిడి ఉన్నవాళ్లు కూడా డాక్టరుకు చెప్పాలి.

నకిరేకల్ కోడలు:
అందరికీ దండాలు. నిన్న పీల్చినంక గోలీ విప్పి చూసిన, పొడి కొద్దిగనే ఉంది. టీబీ ఎన్నడూ రాలే. రిపోర్టులు బయటికి తీసిన. దవాఖానల ఉన్నప్పుడు 9,000ల 1 శాతం, అంటే 90. గని అప్పటికి సూదులు ఎక్కిచ్చిండ్రు. మంచిగున్నప్పుడు తీసింది 7,500ల 2 శాతం, అంటే 150. మరి ఇది మధ్యల పడ్డది గద?

ఛాతీ వైద్యుడు, మహబూబ్‌నగర్:
90ని పక్కన పెట్టండి. 150 నమ్మదగ్గది. మధ్యలో పడ్డప్పుడు ఇసినోఫిల్స్ ఒక్కటే తేల్చదు. ఇద్దరు డాక్టర్లు విడిపోయింది బహుశా ఇక్కడే. హైదరాబాద్‌లో ఆయన ఆ రెండుసార్లనూ సీఓపీడీ ముదరడంగా లెక్కవేసి ఉంటారు. అట్లా అయితే 100 దాటిన మనిషికి మూడూ కలిపి ఇవ్వడానికి ఆధారం ఉంది. నల్గొండ డాక్టరు వాటిని నిమోనియాగా లెక్కవేశారు. అట్లా అయితే స్టెరాయిడే అనుమానితుడు. రెండిట్లోనూ జ్వరం, దగ్గు, ఆయాసమే ఉంటాయి, తేడా చెప్పేది ఎక్స్‌రే. డిశ్చార్జి కాగితాలు తీసి చూడండి. ఊపిరితిత్తిలో ఒకచోట మచ్చలాగా తెల్లబడిందని రాశారా?

నకిరేకల్ కోడలు:
పోయిన వానకాలందాంట్ల కుడి దిక్కు కింద మచ్చ ఉందని రాసిండ్రు. అంతకు ముందుదానికి ఎక్స్‌రే తీసినట్టే లేదు. నిమోనియా అని రాసి సూదులు రాసిండ్రు.

ఛాతీ వైద్యుడు, మహబూబ్‌నగర్:
అయితే ఒకటి ఖాయం, ఒకటి అనుమానం. నేనైతే స్టెరాయిడ్ తీసేసి రెండు మందుల జోడీయే ఇస్తాను. ఫ్లూ టీకా, నిమోనియా టీకా వేయిస్తాను, మొదటి మూడు నెలలు నెలకోసారి చూస్తాను. ఎక్స్‌రేలో మచ్చ లేకుండా జబ్బు ముదిరితే మూడింటికి వెళ్లడానికి నాకు అభ్యంతరం లేదు. ఇసినోఫిల్స్ 300 దాటినవాళ్లకు స్టెరాయిడ్ ఆపితే ముదురుతుందని 2018లో సన్‌సెట్ అధ్యయనం చూపించింది. అమ్మ ఆ కోవలో లేదు. ఎవరూ సొంతంగా మాత్రం ఆపొద్దు.

మునుగోడు రిటైర్డ్ టీచర్:
ఎక్స్‌రే ఉన్నదానికి ఒప్పుకుంటాను. లేనిదానికి ఒప్పుకోను, అది ముదరడమే కావచ్చు. ఇంకొకటి, చలికాలం మొదట్లో మార్చకండమ్మా. పొద్దున మంచుకు, గడ్డి తగలబెట్టిన పొగకు మాలాంటివాళ్లం ఎట్లాగూ పడిపోతాం. అప్పుడు మార్చితే తప్పు మందుదో కాలానిదో తెలియదు.

ఛాతీ వైద్యుడు, మహబూబ్‌నగర్:
చలికాలం మాట సరైనది మాస్టారూ. అమ్మ ఇప్పుడు నిలకడగా ఉంటే ఇప్పుడే మార్చాలి, లేదా సంక్రాంతి దాటాక. మధ్యలో వద్దు.

నకిరేకల్ కోడలు:
సోమవారం రెండు డిశ్చార్జి కాగితాలు, ఆ 150 రిపోర్టు పట్టుకొని నల్గొండకే పోతున్నం. మిషన్ గూడ తీసుకపోయి డాక్టరు ముందట పీల్పిస్త. నీళ్లు కాగబెట్టే పొయ్యి మా ఆయన వాకిట్లకు మార్చిండు.